తారా, జిమ్నీయా, పాత జీపా? మనసుకూ మెకానిక్‌కూ నచ్చే బండిని ఎంచుకునే పద్ధతి

నెలకు నలుగురైనా అడుగుతారు. "స్వామీ, మహీంద్రా తార్ తీసుకునేదా, మారుతి జిమ్నీ తీసుకునేదా?" అని ఒకరు. "మా మామ దగ్గర పాత జీపు ఉందినా, ఇచ్చేస్తానంటున్నాడు, పట్టుకొచ్చేదా?" అని ఇంకొకరు. ప్రశ్న ఏదైనా లోపలి గుంజాటన ఒకటే. ఒక బండి చూస్తే మనసు లాగుతుంది. ఇంకో బండి నడిదారిలో నిలబెట్టదని ఊరంతా చెబుతుంది. ఆ రెండూ ఒకే బండి అయితే నాకు ఫోన్లే రావు.

చెప్పిందే చెప్పి గొంతు ఎండిపోయింది కాబట్టి రాసి పెడుతున్నా. ఇది తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తిరిగేవాళ్ల కోసం. లడఖ్ వెళ్లేవాళ్ల లెక్కలు వేరే.

నా సంగతి ముందే ఒప్పేసుకుంటా. పదేళ్ల కిందట ఒక పాత డీజిల్ జీపు కొన్నాను. ఇంజిన్ శబ్దం విని కొన్నాను, ఇంకేమీ చూడలేదు. మూడో నెలలో భాకరాపేట ఘాట్‌లో క్లచ్ పోయింది. పైన వాన, వెనక సీట్లో అమ్మ, పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ పోయే టమోటా లారీలు. ట్రాక్టర్‌తో లాగించి షెడ్డుకు చేరిస్తే, "ప్లేటు మద్రాసు నుంచి రావాల" అన్నాడు మేస్త్రి. వచ్చింది, వేరే సైజుది. మొత్తం పందొమ్మిది రోజులు బండి షెడ్డులోనే ఉంది. కింద రాసినవన్నీ ఆ పందొమ్మిది రోజుల్లో మొదలైన ఆలోచనలు.

ఇక్కడ రెండు మాటలు వాడతాను. నమ్మకం అంటే బండి ఎప్పుడూ చెడిపోకపోవడం కాదు, చెడిపోతే రెండు మూడు రోజుల్లో మన ఊళ్లోనే బాగుపడటం. కళ అంటే పనేమీ లేకపోయినా తాళం తీసుకుని బయల్దేరాలనిపించే గుణం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

• చిన్న నోటుబుక్కు. ఫోన్లో రాస్తే మళ్లీ తెరిచి చూడరు.
• టార్చిలైటు, కింద పరుచుకోవడానికి ఒక పాత దుప్పటి.
• టైర్లలో గాలి చూసుకునే గేజి.
• ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం. సెకండ్ హ్యాండ్ బండి చూసేవాళ్లకు తప్పనిసరి, చవకదైనా పనికొస్తుంది.
• మీరు కొనే బండి మీద కమిషన్ రాని మెకానిక్ ఒకరు. ఆయన సగం రోజు కూలి ముందే ఇచ్చేయండి, అప్పుడే నిజం చెబుతాడు.
• ఇంట్లో అందరికంటే పెద్దావిడది అరగంట సమయం. ఎందుకో ఆరో మెట్టులో చెబుతా.

1. నెల రోజులు దారులు రాయండి

ఇప్పుడు నడుపుతున్న బండిలోనే, బైకైనా సరే, రోజూ ఎక్కడికి వెళ్లారో రాయండి. పక్కన దారి ఏ రకమో ఒక్క ముక్క: తారు, మట్టి, ఇసుక, వంక.

బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉన్న మిత్రుడొకాయన, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఫోర్ బై ఫోర్ లేకుంటే తోటకు పోలేనని గట్టిగా వాదించాడు. నోటుబుక్కు రాయించాను. ముప్పై రోజుల్లో ఇరవై ఐదు రోజులు తారు రోడ్డే. నాలుగు రోజులు తోట దారి, అదీ గట్టి ఎర్రమట్టి. బురదలో దిగింది ఒక్కరోజు. ఆ రోజు లాగడానికి తోటలో ట్రాక్టర్ ఎటూ ఉంది. చివరికి నేల నుంచి కాస్త ఎత్తుండే మామూలు ఎస్‌యూవీ కొన్నాడు. మిగిలిన డబ్బుతో బోరు వేయించుకున్నాడు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో నోటుబుక్కు రాస్తే అన్నీ మంచి దారులే కనిపిస్తాయి. అందుకే గడిచిన నవంబరులో ఏ దారులు మూసుకుపోయాయో గుర్తు తెచ్చుకుని వేరే పేజీలో రాయండి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఎలా పారాయో, రాయలచెరువు గట్టు తెగుతుందేమోనని ఎంత టెన్షన్ పడ్డామో చూసినవాళ్లకు ఈ పేజీ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

నెలకు నాలుగైదు రోజులైనా మట్టి, ఇసుక, ఎత్తుపల్లాల్లో పని ఉంటే ఫోర్ బై ఫోర్ వైపు చూడండి. అంతకంటే తక్కువైతే అది అవసరం కాదు, ముచ్చట. ముచ్చట తప్పని నేననడం లేదు. నోటుబుక్కులో 'ముచ్చట' అని రాసుకోండి, చాలు.

హెచ్చరిక: శేషాచలం కొండల్లో దారి కనిపించిందని బండి తిప్పకండి. అక్కడ జాతీయ పార్కు ఉంది, ఎర్రచందనం మీద నిఘా ఉంది. అనుమతి లేకుండా దొరికితే బండి అటవీశాఖ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం దారుల్లో చీకటిపడ్డాక ఏనుగులు అడ్డం వస్తాయి. చక్రం జారకుండా బిగించే ఏ లాకింగ్ డిఫరెన్షియలూ అక్కడ పనిచేయదు.

2. ఊళ్లో ఏ ఇంజిన్ తిరుగుతోందో చూడండి

నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని పెట్టుకోండి. బండి కొనేటప్పుడు దాని పేరు చూడకండి. దాని కింద ఉన్న ఇంజిన్ ఇంకే బండ్లలో ఉందో చూడండి. ఆ బండ్లు మన ఊళ్లో వందలకొద్దీ తిరుగుతుంటే, దాని ఒళ్లు విరుపు తెలిసిన మేస్త్రి ప్రతి వీధిలో ఉంటాడు. సామాను ఆటోనగర్ అరల్లోనే ఉంటుంది.

అలిపిరి టోల్‌గేటు దగ్గర ఒక గంట నిలబడితే సగం జవాబు దొరుకుతుంది.

జిమ్నీ: 2023 జూన్‌లో మన దగ్గర అమ్మకానికి వచ్చింది. ఇందులోని 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్, ఎర్టిగా, సియాజ్‌లలో ఏళ్ల తరబడి వాడిన కుటుంబానిదే. కొండకు వెళ్లే టాక్సీల్లో ఎర్టిగాలు ఎన్నో మీకు తెలుసు. అంటే ఇంజిన్ సంగతి దిగుల్లేదు. కానీ ముందు, వెనక గట్టి యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకూ శక్తి పంచే పెట్టె) మాత్రం ఎర్టిగా మేస్త్రికి కొత్త. శక్తి 105 పీఎస్ మాత్రమే. నలుగురు కూర్చుని ఏసీ వేసి ఘాట్ ఎక్కుతుంటే గేరు దించాల్సిందే.

తార్: ఇప్పటి తరం 2020 అక్టోబరులో వచ్చింది. 2.2 లీటర్ డీజిల్, స్కార్పియో ఇంజిన్ కుటుంబానిదే. మన పల్లెల్లో స్కార్పియో లేని ఊరు చూపించండి చూద్దాం! ఐదు తలుపుల రాక్స్ 2024 ఆగస్టులో వచ్చింది. జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. తార్‌లోనూ రాక్స్‌లోనూ వెనక చక్రాలకే శక్తి వెళ్లే రకాలు ఉన్నాయి. చూడటానికి అంతా ఒకటే. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఇచ్చారు. బుకింగ్ రసీదు మీద ఆ మాట కనిపించేదాకా సంతకం పెట్టకండి.

గూర్ఖా: ఫోర్స్ కంపెనీ బండి. దీన్ని చూసి భయపడేవాళ్లే ఎక్కువ. కానీ దీని 2.6 లీటర్ డీజిల్, ట్రావెలర్ వ్యాన్లలో ఉండే ఇంజిన్ కుటుంబమే. భక్తులను తిప్పే ట్రావెలర్లు మన తిరుపతిలో ఎన్నున్నాయి! ఈ ఊళ్లో ఆ ఇంజిన్‌కు మేస్త్రుల కరువు లేదు. నేల నుంచి 233 మిల్లీమీటర్ల ఎత్తు, ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు ఉంటాయి. గాలి పీల్చే స్నార్కెల్ కంపెనీ నుంచే వస్తుంది. ఇబ్బంది ఇంజిన్‌తో కాదు, డోరు, అద్దం, దీపాలలాంటి పై సామానుతో. వాటి కోసం మూడో మెట్టు చదవండి.

ఫార్చ్యూనర్: ఇన్నోవా క్రిస్టాతో పునాది పంచుకున్న బండి, ఇంజిన్లు కూడా ఒకే కుటుంబం. ఇక నేను చెప్పేదేముంది. నా మటుకు నాకు అందులో కళ తక్కువ, హోదా ఎక్కువ. అది నా లోపమూ కావచ్చు.

ఇసుజు వీ-క్రాస్: ఇది మన పికప్ బండి. 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతోంది. దాంతో చాలామంది "ఇక్కడే చేస్తారు కదా, స్పేర్లకేం కొదవ" అనుకుంటారు. కర్మాగారం గేటు దగ్గర బ్రేకు ప్యాడ్లు అమ్మరు. మీకు సామాను డీలరు ద్వారానే రావాలి. మంచి బండే, తోట సామాను మోస్తుంది, కానీ 'మన జిల్లాది' అనే లెక్కతో కొనకండి.

జిప్సీ, పాత జీపులు: కళలో వీటిని కొట్టేది లేదు. 1985లో మొదలైన మారుతి జిప్సీ ఇప్పుడు తయారు కావడం లేదు. పాత జీపు ఇంజిన్ ఊరి మేస్త్రికి కంఠోపాఠం. అయినా ఆ మేస్త్రుల వయసు చూడండి, అరవై దాటారు. వాళ్ల పిల్లలు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్నారు.

ర్యాంగ్లర్, డిఫెండర్ లాంటివాటి గురించి అడిగేవాళ్లకు: డబ్బుంటే తీసుకోండి, ఇంట్లో ఇంకో బండి ఉంచుకోండి.

3. మూడు ఫోన్లు చేయండి

డీలరు సర్వీసు కేంద్రానికి ఒకటి, బయటి షెడ్డుకు ఒకటి, చెన్నైలో స్పేర్ పార్టుల దుకాణానికి ఒకటి. ముగ్గురినీ ఇవే మూడు సామాన్లు అడగండి: క్లచ్ సెట్టు, ముందు చక్రం బేరింగు, హెడ్‌లైటు. అడగాల్సిన మాట "ఉందా" కాదు. "ఈరోజు డబ్బు కడితే ఏ రోజు చేతికొస్తుంది?" అని అడగండి. ఉందా అంటే ఉందనే అంటారు.

క్లచ్, బేరింగు బండిని ఆపేస్తాయి. హెడ్‌లైటు ఎందుకంటారా? చిన్న గుద్దుకే పగిలేది అదే, ఎక్కువ రోజులు పట్టేదీ అదే. జవాబులు నోటుబుక్కులో రోజుల లెక్కన రాయండి. చెన్నై మనకు మూడు గంటల దూరం కాబట్టి అక్కడ ఉందంటే రేపటికి వస్తుంది. బెంగళూరైతే ఇంకో రోజు. "కంపెనీ నుంచి తెప్పించాలి" అన్నదానికి మాత్రం రెండు వారాలు వేసుకోండి.

4. ఫిర్యాదులను మూడు కుప్పలు చేయండి

బండి ఉన్నవాళ్లను అడిగితే ఒకటే ఏకరువు పెడతారు. ఆ ఏకరువంతా ఒకే కుప్పగా వేస్తే ఏ బండీ కొనలేరు. విడదీయండి.

మొదటి కుప్ప, ఆపేసేవి: క్లచ్, ఇంధన పంపు, గేర్‌బాక్సు, వేడెక్కడం, స్టార్ట్ కాకపోవడం.
రెండో కుప్ప, సతాయించేవి: స్క్రీను ఆగిపోవడం, తలుపు దగ్గర గాలి హోరు, రబ్బరులోంచి నీళ్లు కారడం, డ్యాష్‌బోర్డు కిటకిటలు.
మూడో కుప్ప, జేబు కోసేవి: టైర్ల ధర, మైలేజి, సర్వీసు బిల్లు.

మొదటి కుప్పలో ఒకే సమస్య ముగ్గురు వేర్వేరు మనుషుల నోట వినిపిస్తే ఆ మోడల్‌ను, లేదంటే కనీసం ఆ సంవత్సరపు బండిని పక్కన పెట్టండి. రెండో కుప్ప ఎంత పెద్దదైనా భయపడొద్దు. కళ ఉన్న బండ్లకు ఆ కుప్ప ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది.

డీజిల్ గురించి ఇక్కడే చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు, అదే డీపీఎఫ్, ఉంటోంది. మసి నిండితే ఇంజిన్ దాన్ని తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు కాసేపు ఆగకుండా హైవే వేగంతో పోవాలి. రోజూ ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరగాయల మార్కెట్‌కు మాత్రమే తిరిగే డీజిల్ బండిలో డ్యాష్‌బోర్డు మీద ఆ ఫిల్టరు హెచ్చరిక దీపం వెలిగి తీరుతుంది. దీన్ని చూపించి "బండి చెడ్డది" అనేవాళ్లు చాలామంది. వాడకం తేడా అది. మీ నోటుబుక్కులో అన్నీ అయిదారు కిలోమీటర్ల ప్రయాణాలే ఉంటే పెట్రోల్ తీసుకోండి. డీజిలే కొన్నారా, వారానికోసారి శ్రీకాళహస్తి దాకా వెళ్లి దండం పెట్టుకుని రండి. ఫిల్టరుకూ పుణ్యం.

5. మీకు నచ్చిన కళను ముక్కలు చేయండి

ఆ బండిలో ఏం నచ్చిందో ఐదు మాటలు రాయండి. 'లుక్కు' అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఎత్తులో కూర్చోవడమా, నిటారుగా నిలబడిన అద్దమా, చేత్తో లాగే ఫోర్ బై ఫోర్ లీవరా, పైకప్పు తీసేయగలగడమా, నీళ్ల పైపుతో లోపల కూడా కడిగేయగలగడమా?

రాశాక ఒక్కోదాని పక్కన, వానాకాలంలో రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు కూడా ఇది నచ్చుతుందా అని మిమ్మల్ని మీరే అడగండి. మెత్తటి పైకప్పు మే నెలలో నచ్చదు. అది నేను చెప్పేస్తా. మన ఎండ నలభై దాటాక నల్లటి సీటు మీద కూర్చుంటే కళ ఎటు పోతుందో తెలీదు. చేత్తో లాగే లీవరు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు నచ్చుతుంది.

ఐదింటిలో రెండు మిగిలితే ఆ బండి మీకు నిజంగానే నచ్చినట్టు. ఒక్కటీ మిగలకపోతే మీకు నచ్చింది పక్కింటివాళ్ల చూపు.

6. ఇంట్లోవాళ్లను ఎక్కించండి

మూడు తలుపుల తార్‌లో వెనక్కి పోవాలంటే ముందు సీటు వంచి ఎక్కాలి. చీరకట్టులో, మోకాళ్ల నొప్పితో ఉన్న అమ్మ ఎక్కగలదా? షోరూములోనే ఎక్కించి చూడండి, ఇంటికొచ్చాక కాదు. ఫుట్‌స్టెప్ బిగిస్తామంటారు సేల్స్‌వాళ్లు. దానితో కూడా ఎక్కించి చూడండి. జిమ్నీలో వెనక తలుపులు ఉన్నాయి గానీ వెనక సీటు ఇద్దరికే.

7. ఘాట్‌లో నడిపి చూడండి

షోరూము చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పి ఇస్తారు. అది టెస్ట్ డ్రైవ్ కాదు. కనీసం గంట అడగండి. ఇవ్వకపోతే అదే రకం బండిని సెల్ఫ్ డ్రైవ్‌లో ఒక రోజు అద్దెకు తీసుకోండి. లక్షల బండికి ఆ అద్దె లెక్కలోది కాదు.

దారి: తిరుపతి, చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్. తిరుగు ప్రయాణం అదే దారిలో.

ఎక్కేటప్పుడు ఏసీ గట్టిగా వేసి, నలుగురిని కూర్చోబెట్టి ఎక్కండి. ఉష్ణోగ్రత ముల్లు కదలకూడదు. గేరు దించాక ఇంజిన్ గుంజుకోవాలి, ఏడవకూడదు.

దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి బ్రేకు తొక్కకుండా ఎంతసేపు దిగుతుందో చూడండి. కిందికొచ్చాక చక్రాల దగ్గర కాలిన వాసన వస్తే, ముందు మీ నడపడాన్ని అనుమానించండి, ఆ తర్వాతే బ్రేకులను. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులోనూ ఇదే పద్ధతి. అక్కడ బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగి, కింద పొగలు చూసి బెదిరినవాళ్లు చాలామంది.

గతుకుల్లో ఎనభై వేగంతో ఒక చిన్న గుంత దాటించండి. గట్టి యాక్సిల్ ఉన్న బండ్లలో, అంటే జిమ్నీ, గూర్ఖా, జిప్సీలలో, స్టీరింగు వణకడం మొదలై ఆగకపోతే టైర్ల బ్యాలెన్సింగో, బుష్‌లో, బేరింగులో చూడాలి. కొత్త బండిలో అలా ఉంటే తీసుకోకండి.

ఫోర్ బై ఫోర్: మట్టి నేల మీదకు దింపి వేయండి. ఫోర్ ఎల్‌లోకి, అంటే వేగం తక్కువ, బలం ఎక్కువ ఉండే గేరులోకి, మార్చేటప్పుడు బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. లీవరు ఒక్కసారికి పడకపోతే అడుగు ముందుకు కదిపి మళ్లీ ప్రయత్నించండి, బలం చూపించకండి.

హెచ్చరిక: ఈ బండ్లలో ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్. ఎండిన తారు మీద అది వేసి మలుపు తిప్పితే ముందు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాగుకుని గేర్లు బిగుసుకుంటాయి. పార్కింగులో మిత్రులకు చూపించడానికి వేసి ట్రాన్స్‌ఫర్ కేస్ పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు.

8. సెకండ్ హ్యాండ్ అయితే ఇవి వదలకండి

దుప్పటి పరుచుకుని కిందికి దూరండి. ఛాసిస్ మీద కొత్త నల్ల రంగు మెరుస్తుంటే దాని కింద ఏం దాచారో అడగండి. గోకితే పొరలు రాలకూడదు.

డిఫరెన్షియల్ నూనె మేస్త్రి చేత కొంచెం తీయించండి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. బేరాన్ని అక్కడే ఆపేయొచ్చు.

సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే అది వరదలో మునిగిన బండి. సీట్ల కింద స్క్రూలకు తుప్పు, కార్పెట్ కింద మట్టి వాసన కూడా అదే చెబుతాయి. 2021 నవంబరు తర్వాత చెన్నై, నెల్లూరు, తిరుపతి బండ్లలో దీన్ని తప్పకుండా చూడండి.

స్కానర్ పెట్టి లోపాల కోడ్లు చదవండి. కోడ్లేవీ లేవంటే సంతోషించకండి, నిన్న తుడిచేసి ఉండొచ్చు. ఘాట్ తిరిగొచ్చాక రెండోసారి చదవండి.

వాహన్ వెబ్‌సైటులో ఆర్‌సీ, ఫైనాన్సు బాకీ, ఇన్సూరెన్సు, చలాన్లు చూడండి. ఢిల్లీ చుట్టుపక్కల పాత డీజిల్ బండ్లపై ఆంక్షలు ఉండటంతో అక్కడి ఫార్చ్యూనర్లు, పజెరోలు చవకగా ఇటు వస్తున్నాయి. ఎన్‌వోసీ, మన రాష్ట్రంలో మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు, తిరుగుళ్ల ఖర్చు కలిపి ధర చూడండి. చాలాసార్లు చవక మాయమవుతుంది.

పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్లు, ముందు ఇనుప గార్డులు చూసి మురిసిపోకండి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇనుప గార్డులపై కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. చట్టం సంగతి అలా ఉంచినా, అదనపు లైట్ల కోసం తీసిన వైర్లు సగం కరెంటు రోగాలకు మూలం. బండిని ముస్తాబు చేసినవాడు దాన్ని గట్టిగా వాడి కూడా ఉంటాడు. నేనైతే ఏ మార్పూ చేయని స్టాక్ బండికి పదివేలు ఎక్కువిచ్చి తీసుకుంటా.

ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండిన జీపు అయితే, మళ్లీ ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. అది చేయించిన తర్వాతే డబ్బులిస్తానని చెప్పండి.

9. ఎన్ని రోజులు ఓర్చుకుంటారో రాసి తేల్చండి

మార్కులు వేసి కూడే పట్టికలు నాకు నచ్చవు. పైకప్పు తీసేయొచ్చన్న అందానికి వచ్చిన మార్కులు క్లచ్ దొరకని లోటును పూడ్చవు. ఒక్క అంకె రాయండి: ఏడాదిలో ఈ బండి షెడ్డులో ఎన్ని రోజులు ఉంటే నేను ఓర్చుకుంటాను?

ఇంట్లో ఇదొక్కటే బండి అయితే నా లెక్కన ఐదు రోజులు. ఇంకో కారో, ఆఫీసు వాహనమో ఉంటే పదిహేను. సరదా కోసం ఉంచుకున్న పాత జీపైతే నెలైనా పర్లేదు. ఇప్పుడు మూడో మెట్టులో రాసిన రోజులు తీయండి. క్లచ్‌కు పన్నెండు రోజులు పట్టే బండిని ఐదు రోజుల ఓపిక ఉన్న ఇల్లు భరించలేదు, అది ఎంత అందంగా ఉన్నా సరే. లెక్కలోపల ఇమిడిన బండ్లలో మాత్రం కళను చూసి, కళ్లు మూసుకుని, ఇష్టమైనది తీసుకోండి. అక్కడ ఇక నన్ను అడగొద్దు.

ఎటూ తేలకపోతే ఇంకో దారి ఉంది. రోజువారీకి పాత ఆల్టోనో వ్యాగన్ఆరో ఉంచుకుని, కళ ఉన్న సెకండ్ హ్యాండ్ బండి పక్కన పెట్టుకోండి. రెండూ కలిపినా కొత్త రాక్స్ ధర దాటకపోవచ్చు. పార్కింగు ఉన్నవాళ్లకే ఈ సలహా. భవానీనగర్ ఇరుకు వీధుల్లో ఉండేవాళ్లు దీన్ని చదివి ఇంట్లో గొడవ పెట్టుకోవద్దు.

తరచూ చేసే పొరపాట్లు

'650 మిల్లీమీటర్ల నీళ్లు దాటుతుంది' అన్న తార్ లెక్కను పారే వంకకు వర్తింపజేయడం. ఆ అంకె నిలిచిన నీటికి. పారే నీరు మోకాలి లోతులోనే బండిని పక్కకు తోసేస్తుంది. చప్టా మీద నీరు పారుతుంటే ఆగండి. గూర్ఖాకు 700 మిల్లీమీటర్లు ఇచ్చారు, అయినా ఆగండి.

మొదటి నెలలోనే టైర్లు మార్చేయడం. ముళ్ల టైర్లు వేస్తే హైవేలో హోరు, మైలేజి దెబ్బ. తలకోన దాకా వెళ్లడానికి కంపెనీ టైర్లు చాలు.

స్వర్ణముఖి ఇసుకలో దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కుతూ పోవడం. ఆగి, టైర్లలో గాలిని 18-20 పీఎస్‌ఐకి దించి, ఫోర్ ఎల్‌లో మెల్లగా కదలండి. తారు ఎక్కగానే గాలి మళ్లీ నింపాలి. డిక్కీలో చిన్న కంప్రెసర్ లేనిదే గాలి తీయకండి.

'ఫోర్ బై ఫోర్ ఉంది కదా' అని వానలో వేగంగా పోవడం. కదలడానికి అది సాయం చేస్తుంది. ఆగడానికి మీకూ ఆల్టోవాడికీ అవే నాలుగు టైర్లు.

సరిగ్గా ఎంచుకున్నామో లేదో ఎలా తెలుస్తుంది

కొన్న మూడు నెలలకు అదే నోటుబుక్కు తీయండి. మూడు విషయాలు చూడండి. షెడ్డులో గడిచిన రోజులు మీరు రాసుకున్న అంకెలో నాలుగో వంతు దాటాయా? రెండో కుప్పలోని సతాయింపుల్లో ఏదైనా మొదటి కుప్పలోకి మారిందా? పనేమీ లేకుండా బండి తీసిన రోజులు ఎన్ని?

మూడోది సున్నా అయితే బండిలో ఏ తప్పూ లేదు, మీరు కొనాల్సింది ఎర్టిగా. మొదటిది దాటితే వారంటీ ఉండగానే ప్రతి ఫిర్యాదునూ జాబ్ కార్డులో రాయించి నకలు తీసుకోండి. నోటి మాటగా చెప్పింది లెక్కలోకి రాదు. కొన్నాళ్లకు అమ్మాలనుకుంటే ఆ నకళ్లు, బిల్లులు నోటుబుక్కుతో కలిపి కొనేవాడి ముందు పెట్టండి. ఆయన కూడా దుప్పటి తెచ్చుకుని కిందికి దూరతాడు, దూరనివ్వండి.